మా అమ్మాయి స్టేడియాలు డిజైన్ చేసే ఆర్కిటెక్ట్ అవుతానంటోంది. అలాంటి ఉద్యోగం నిజంగా ఉంటుందా?

కందుకూరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. ఇంటర్ ఎంపీసీ చదువుతున్న పాప చెపాక్‌లో ఐపీఎల్ మ్యాచ్ చూసొచ్చిన దగ్గర్నుంచి ఇదే మాట పట్టుకు కూర్చుందట. సరేననమంటారా, కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించమంటారా అని ఆయన సందేహం.

ఉంటుందండీ. మాది కావలి. చెన్నైలో ఆటల కట్టడాలు ఎక్కువగా చేసే ఆఫీసులో పనిచేస్తున్నాను. 

ముందు చదువు సంగతి. ఆర్కిటెక్చర్ డిగ్రీ అయిన బీఆర్క్‌లో స్టేడియాలకంటూ వేరే కోర్సు లేదు. నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష గానీ, జేఈఈ మెయిన్ రెండో పేపర్ గానీ రాసి ఐదేళ్ల బీఆర్క్ చెయ్యాలి. తర్వాత కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోవచ్చు. దగ్గర్లో విజయవాడ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, అక్కడ సీటు జేఈఈ పేపర్‌తో వస్తుంది. ఇక్కడిదాకా అందరికీ ఒకటే దారి. ఆ తర్వాత ఏ ఆఫీసులో చేరిందన్నదే ముఖ్యం.

పాప చెపాక్‌లో చూసింది బహుశా తెల్లటి గుడారం లాంటి పైకప్పు. 2011లో పూర్తయిన ఆ మార్పులు లండన్‌కి చెందిన హాప్కిన్స్ ఆర్కిటెక్ట్స్, చెన్నైకి చెందిన నటరాజ్ అండ్ వెంకట్ కలిసి చేశారు. అంతకుముందు కప్పు మోసే స్తంభాలు చూపుకి అడ్డొచ్చేవి, అవి పోయాయి. స్టాండ్‌కీ స్టాండ్‌కీ మధ్య ఖాళీ వదిలి సముద్రపు గాలి లోపలికి రానిచ్చారు. చూడ్డానికి కప్పే గొప్పగా కనిపిస్తుంది. కానీ మా రోజువారీ పనిలో కప్పు వాటా తక్కువ. పని ఎక్కువగా మెట్ల మీద, గేట్ల మీద ఉంటుంది.

ఒక లెక్క చెప్తాను, పాపకి చూపించండి. ముందు వరుసలో కూర్చున్నాయన కంటికి ఎంత పైనుంచి వెనకాయన చూపు పోతోందో, దాన్ని మేం సి వాల్యూ అంటాం. 60 మిల్లీమీటర్లు ఉంటే పర్వాలేదు, 90 ఉంటే బాగుంది అని లెక్క. చూడాల్సిన బిందువు, అంటే బౌండరీ గీత అనుకోండి, ముందాయన కంటి నుంచి 20 మీటర్ల దూరంలో, 5 మీటర్లు కింద ఉంది. వరుస వెడల్పు 80 సెంటీమీటర్లు, మెట్టు ఎత్తు 30 సెంటీమీటర్లు. సరూప త్రిభుజాల సూత్రంలో వేస్తే సి వాల్యూ 96 మిల్లీమీటర్లు వస్తుంది. అదే మెట్టుని 25 సెంటీమీటర్లు చేయండి, 48కి పడిపోతుంది. ఐదు సెంటీమీటర్లకి చూపు సగం పోయింది! వెనకాయన నిలబడతాడు, ఆయన వెనకాయనా నిలబడతాడు, ఇక సీట్లెందుకు?

సైట్ మీటింగ్‌లో కాంట్రాక్టర్ తరఫున మొట్టమొదట వచ్చే మాట మాత్రం అదే: "మెట్టు కొంచెం తగ్గిద్దాం సార్, ఎవరికి తెలుస్తుంది?" ఇరవై వరుసల మీద ఒక మీటరు ఎత్తు తగ్గుతుంది, కాంక్రీటు, స్టీలు మిగులుతాయి. ఆ మీటింగ్‌లో గొంతు పెంచకుండా, ఈ లెక్క ముందు పెట్టి కదలకుండా కూర్చోగలగాలి. ఈ కెరీర్‌లో సగం ఓపిక అక్కడే ఖర్చవుతుంది.

గేట్ల సంగతి ఇంకా పెద్దది. వచ్చే జనం, పోయే జనం ఒకే దారిలో ఎదురైతే ఎలా ఉంటుందో రొట్టెల పండక్కి నెల్లూరు బారాషహీద్ దర్గాకి వెళ్లినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాటకి 97 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండ్లలో అందరికీ సీట్లు తప్పనిసరి చేశారు. మేమూ తిరగేసే బ్రిటిష్ గైడ్ ప్రకారం మీటరు వెడల్పున్న మెట్లదారిలో నిమిషానికి 66 మంది దిగగలరు, గ్యాలరీ ఖాళీ కావడానికి గరిష్ఠంగా 8 నిమిషాలు. అంటే 1.2 మీటర్ల మెట్లదారి ఒకటి 630 మందికి సరిపోతుంది, అంతే. కానీ 2025 జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి దగ్గర 11 మంది పోయింది లోపల కాదు, గేట్ల బయట. కాంపౌండ్ గోడ దాటి రోడ్డుని కూడా డ్రాయింగ్‌లోకి తీసుకురావాలని మేం ఎప్పుడూ మొత్తుకునేది అందుకే. టెండర్లో మాత్రం రోడ్డు ఉండదు.

మన తీరానికి గాలి ఇంకో తలనొప్పి. కట్టడాల మీద పడే బరువు, గాలి లెక్కలకి మన దేశంలో వాడే ఐఎస్ 875 కోడ్‌లో నెల్లూరుకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల ఒత్తిడి. గ్యాలరీ మీద ముందుకు చాచిన కప్పుని అది కిందికి నొక్కడం కంటే పైకి ఎత్తెయ్యడానికి చూస్తుంది. అందుకే బరువు మోసే లెక్క కన్నా కప్పుని నేలకి కట్టి ఉంచే లెక్కకే స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఎక్కువసేపు కూర్చుంటాం. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడితే ఆ లెక్కంతా వృథా.

పనులు ఎక్కడ దొరుకుతాయంటారా? అహ్మదాబాద్‌లో పాపులస్ కంపెనీ చేసినట్టు లక్షా ముప్పై రెండు వేల మంది పట్టే స్టేడియం దేశంలో ఎన్ని కడతారు? మనకి రోజూ వచ్చేవి ఇండోర్ హాళ్లు, కాలేజీ గ్రౌండ్లు, ఈత కొలనులు. వాటిలో తెలివికి తక్కువేం లేదు. ఒక టౌన్‌లో బ్యాడ్మింటన్ హాల్ చూశాను. వెలుతురు బాగా రావాలని కోర్టు చివరి గోడకి నిలువెత్తు అద్దాలు, లోపల తెల్ల సున్నం. ఐదు గ్రాముల తెల్ల షటిల్ ఆ వెలుగులో కలిసిపోయేది. చివరికి ఆడేవాళ్లే టెంట్ హౌస్ నుంచి నల్లగుడ్డ తెచ్చి కట్టుకున్నారు. వెనక గోడ ముదురు రంగులో ఉండాలని, షటిల్ గాలికి పక్కకి పోకుండా ఫ్యాన్లు, కిటికీలు చూసి పెట్టాలని అడిగినవాళ్లు లేరన్నమాట.

ప్రభుత్వ పనుల్లో చాలావరకు డిజైనూ కట్టడమూ కలిపి ఒకే టెండరుగా పిలుస్తారు. అప్పుడు ఆర్కిటెక్ట్ కాంట్రాక్టర్ కింద పనిచేస్తాడు, ఎవరికి కష్టం కలిగితే ఎవరిని ఒప్పించాలో తెలియని పరిస్థితి. బిల్లులు ఆలస్యం. మొదటి ఏళ్లలో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుల ముందు చెప్పుకునేలా ఉండదు. ఉన్నమాటే చెప్తున్నాను. పిల్లకి కనీసం మొదటి మూడు నాలుగేళ్లు ఇంటి నుంచి కొంచెం ఆసరా ఉంటే టెన్షన్ లేకుండా నేర్చుకుంటుంది. చేరగానే స్టేడియం చేతికివ్వరు, టాయిలెట్ బ్లాకులు, మెట్ల రెయిలింగులు ఇస్తారు. స్త్రీల టాయిలెట్లు ఎన్నుండాలో లెక్క వేయడం నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన పని. మన గ్రౌండ్లలో అవి లేకే ఆడవాళ్లు ఎక్కువసేపు కూర్చోరు.

కంప్యూటర్ అంటే ఇష్టం ఉన్నా ఇది వదులుకోవడం కాదు. గ్యాలరీ మొత్తాన్ని రైనో, గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లలో సూత్రాలతోనే తయారుచేస్తాం, మెట్టు మారిస్తే వేల సీట్ల చూపు ఒకేసారి మారి కనిపిస్తుంది. కోడింగ్ వచ్చిన పిల్లలకి మా ఆఫీసుల్లో మంచి గిరాకీ ఉంది.

ఈ సెలవుల్లో నెల్లూరు వస్తే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి టేపు తీసుకెళ్లి మెట్టు ఎత్తు, వరుస వెడల్పు కొలవమనండి. పైన చెప్పిన లెక్క తనే వేసి చూస్తుంది. విసుగు రాకపోతే బీఆర్క్‌లో చేర్పించండి. చెన్నై వచ్చే పని ఉంటే మెసేజ్ పెట్టండి, ఆఫీసు చూపిస్తాను. శనివారమైనా పర్వాలేదు, మాకు అదీ పనిరోజే.