స్కేలు చివర అరిగిపోతే ఎక్కడి నుంచి కొలవాలి?

చదువు, పని గురించి పాఠకుల ప్రశ్నలకు ఐటీఐలో 31 ఏళ్లు ఫిట్టర్ ట్రేడ్ బోధించి రిటైరైన మాస్టారి జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. 600కి 418 వచ్చాయి. సెలవులన్నీ మా తమ్ముడి మోటార్ వైండింగ్ షాపులోనే గడిపాడు. ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చేరతానంటున్నాడు. మావారు మాత్రం అప్పు చేసైనా సరే, హాస్టల్లో పెట్టి ఇంటర్ ఎంపీసీ చదివించాలంటున్నారు. "ఐటీఐ అంటే చదువు రానివాళ్లు చేరేది. అందరూ పెద్ద చదువులు చదివితేనే దేశం బాగుపడుతుంది. వీణ్ణి పనిలోకి పంపితే చదువు మాన్పించినట్టే" అని మా బావగారు కూడా అన్నారు. రెండు వారాలుగా ఇంట్లో ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నర్సీపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బావగారి మాటలో సగం నిజం ఉంది. ముందు దాని గురించే చెబుతాను.

కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజు పిల్లలకు నేను ఒక ఇనుప ముక్క, ఒక పాత స్టీల్ రూలు, అంటే స్కేలు, ఇచ్చేవాణ్ణి. ఆ రూలు కావాలనే చివర అరిగిపోయినది ఎంచేవాణ్ణి. అరిగిన చివర నుంచి కొలిస్తే కొలత తప్పుతుంది. అందుకే ఫిట్టర్ అన్నవాడు 10 మిల్లీమీటర్ల గీత దగ్గర ముక్కను ఆనించి, వచ్చిన కొలతలోంచి ఆ 10 తీసేస్తాడు. ఈ సంగతి చెప్పి, 10 దగ్గర పెట్టించి, ముక్క పొడవెంత అని అడిగితే సగానికి పైగా పిల్లలు 60 అనేవాళ్లు. ముక్క 50 మిల్లీమీటర్లే. వాళ్లంతా పది పాసైనవాళ్లే. లెక్కల్లో 80కి పైగా మార్కులు వచ్చినవాళ్లు కూడా వాళ్లలో ఉండేవాళ్లు.

ఇది మా దగ్గరి సమస్యే అనుకున్నాను చాలాకాలం. 2023లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లు, పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే అసర్ సర్వేలో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల్ని దాదాపు ఇదే అడిగారు. వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెట్టినప్పుడు సుమారు 85 శాతం మంది సరిగ్గా కొలిచారు. సున్నా దగ్గర కాకుండా కాస్త ముందుకు జరిపి పెడితే 39 శాతం మందే చెప్పగలిగారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సగం కూడా లేరు. ఆ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా క్లాసులో ముప్ఫై ఏళ్లు చూసిందే దేశమంతా ఉంది.

హనుషెక్, వోస్‌మన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఎన్నో దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. పిల్లలు ఎన్నేళ్లు బడికి వెళ్లారన్న దానికంటే, ఆ ఏళ్లలో వాళ్లకు నిజంగా ఎంత వచ్చింది అన్నదానికే దేశం ఎదుగుదలతో గట్టి సంబంధం ఉందని తేల్చారు. నాకు ఇది మా వర్క్‌షాపులో తుక్కు డబ్బా దగ్గర కనిపించేది. ఒక ఫ్లాంజ్‌లో, అంటే పైపుల్ని బోల్టులతో కలిపే చక్రంలాంటి ముక్కలో, రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పడిందనుకోండి, ఆ ముక్క తుక్కే. ఇనుము పోయింది, మెషీన్ నడిచిన గంట పోయింది, కరెంటు పోయింది, కొనేవాళ్లకు ఇస్తానన్న తేదీ పోయింది. చేతి పని రాక పాడైన ముక్కలు తక్కువే. డ్రాయింగ్ చదవడం, తీసివేత చేయడం రాక పాడైనవే ఎక్కువ.

అందుకని మీ బావగారితో నేను ఒప్పుకునేది ఇంతవరకే: చదువు రానిదే పని రాదు. ఐటీఐలో చేరితే చదువు ఆగిపోతుందన్నది మాత్రం ఒప్పుకోను.

చింతపల్లి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు నాకు బాగా గుర్తు. ఆకురాయి పట్టాడంటే ముక్క అద్దంలా వచ్చేది. మూల సరిచూసే ట్రైస్క్వేర్ పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు చుక్క కూడా కనిపించేది కాదు. దశాంశాలు మాత్రం అస్సలు తెలియవు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ మీద 0.02 మిల్లీమీటర్లు అంటే ఏమిటో ఆ పిల్లాడికి బడిలో ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలు సాయంత్రాలు కూర్చోబెట్టి నాలుగో తరగతి లెక్కల నుంచి చెప్పాను. ఇప్పుడు ఓడల మరమ్మతు పనిలో డ్రాయింగ్ చూసి పదిమందికి పని పంచుతున్నాడు. బడిలో ఐదేళ్ల కింద జరగాల్సింది నేను ఆరు నెలల్లో చేశాను. అలా చెప్పేవాళ్లు దొరకని పిల్లలు ఎంతమందో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

యుద్ధంలో చితికిపోయిన దక్షిణ కొరియా ఏం చేసిందో చూడండి. ముందు ప్రతి పిల్లాడికీ ప్రాథమిక చదువు, తర్వాత మాధ్యమిక చదువు అందించారు. ఆ పునాది పడ్డాకే, 1970ల్లో ఓడలు, ఉక్కు, యంత్రాల పరిశ్రమలు పెడుతూ వృత్తి విద్య హైస్కూళ్లను పెంచారు. తర్వాత అక్కడా అందరూ కాలేజీల వైపే పరుగెత్తారు. దాంతో మళ్లీ పని నేర్పే చదువుకు గౌరవం తేవడానికి 2010లో మైస్టర్ హైస్కూళ్లు తెరవాల్సి వచ్చింది.

ఇక మీవాడి సంగతి. ఆదివారం మీ తమ్ముడి షాపులో ఒక మోటార్ నేమ్ ప్లేటు ముందు మీవాణ్ణి కూర్చోబెట్టండి. వోల్టులు, ఆంపియర్లు, ఆర్‌పీఎం ఏమిటో చెప్పమనండి. ఒక హెచ్‌పీ, అంటే హార్స్‌పవర్, 746 వాట్లు. మరి ఒకటిన్నర హెచ్‌పీ అంటే ఎన్ని వాట్లో కాగితం మీద వేయమనండి. ఆ లెక్క ఇష్టంగా చేసి, ఇంకా ఎందుకు, ఎలా అని అడిగితే ఎలక్ట్రికల్ డిప్లొమా మంచిది. మూడేళ్లు. ఆ తర్వాత డిప్లొమావాళ్లకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మీవారికి ఈ మాట తప్పకుండా చెప్పండి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాశాడో లేదో మీరు రాయలేదు. రాయకపోతే, లేదా తొందరగా పనిలోకి దిగాలనుకుంటే ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. అది పూర్తయ్యాక డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే దారి కూడా ఉంది.

చేర్పించే ముందు మీవారిని వెంటబెట్టుకుని, పనిరోజు పదకొండు గంటలకు ఆ సంస్థకు వెళ్లండి. వర్క్‌షాపు బయట నిలబడి వినండి. నేను పనిచేసిన ఒకచోట ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మెషీన్లు నాలుగుంటే తిరిగేది ఒక్కటే. మిగతావాటికి మోటార్లు కావాలని ఏడాదిన్నర ఉత్తరాలు రాశాను, రాలేదు. ఆ బ్యాచ్ పిల్లలకు నేను చేసిన అన్యాయంగానే దాన్ని ఇప్పటికీ తలుస్తాను. మెషీన్ల శబ్దం వినపడకపోతే ఇంకో సంస్థ చూసుకోండి.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాకు చిన్న లేత్ షాపు ఉంది. ఎనిమిది మంది పనివాళ్లు. ఐటీఐ కుర్రాళ్లకు ఏడాది నేర్పిస్తే, వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామనగానే పక్క షాపుకి పోతున్నారు. నేనెందుకు నేర్పించాలి?
– ఒక షాపు యజమాని

జవాబు: మీ బాధ న్యాయమైనదే. ప్రతి యజమానీ మీలాగే అనుకుంటే ఏమవుతుందో దేశం లెక్కల్లోనే ఉంది. మన దగ్గర 15 నుంచి 29 ఏళ్లవాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవాళ్లు 4.4 శాతమేనని 2023-24 కేంద్ర ఆర్థిక సర్వే చెప్పింది.

జర్మనీలో కుర్రాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో ఉంటాడు. ఆ కాలమంతా అతనికిచ్చేది పూర్తి పనివాడి జీతం కాదు, అంతకన్నా చాలా తక్కువ. అందువల్ల నేర్పించినందుకు యజమానికి కొంత అక్కడే తిరిగొస్తుంది. చివర పరీక్ష పెట్టేది కంపెనీ కాదు, వ్యాపార మండలి. చాలా కంపెనీలు నేర్పిస్తాయి కాబట్టి ఒకరు పోయినా ఇంకోచోట నేర్చుకున్నవాడు దొరుకుతాడు.

మీరు ఒక్కరే ఇదంతా చేయలేరు. చుట్టుపక్కల ఏడెనిమిది షాపులవాళ్లు ఒకచోట కూర్చుని తలా ఒక అప్రెంటిస్‌ని, అంటే స్టైపెండ్ మీద పని నేర్చుకునే కుర్రాణ్ణి, తీసుకోండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకు ఇది తప్పనిసరి. మీలాంటి చిన్న షాపులు ఇష్టమైతే తీసుకోవచ్చు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో నాలుగో వంతు, ఒక పరిమితి వరకు, కేంద్రం భరిస్తుంది. నోటిమాట మీద కాకుండా ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం నమోదు చేయండి. ఏడాది చివర సర్టిఫికెట్ వస్తుందని తెలిస్తే కుర్రాడు మధ్యలో వదిలి వెళ్లడానికి ఆలోచిస్తాడు. ఏడాది తర్వాత మీ దగ్గరే ఉంచుకోవాలంటే, పక్క షాపువాడు అడగకముందే ఆ వెయ్యి మీరే పెంచండి.