నొప్పి లేదు, రక్తం వస్తోంది.. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయా?

ప్రశ్న: నా వయసు 41. గాజువాకలో ఉంటాం. ఆరు నెలలుగా బ్రష్ చేసుకుంటే ఉమ్ములో రక్తం కనిపిస్తోంది. నొప్పి మాత్రం లేదు. క్లినిక్‌కి వెళ్తే గార పట్టింది, మా హైజీనిస్ట్ క్లీనింగ్ చేస్తారు అన్నారు. డాక్టర్ కానివాళ్లతో చేయించుకోవచ్చా? క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని మా అత్తగారు భయపెడుతున్నారు. ఆవిడకు అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు. అయినా తనకు చిగుళ్ల నుంచి ఏనాడూ రక్తం రాలేదంటారు.
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నొప్పి లేదని ఆరు నెలలు ఊరుకున్నారు చూడండమ్మా, చిగుళ్ల జబ్బుతో వచ్చిన చిక్కే అది. పిప్పి పన్నయితే అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది. చిగురు అలా కాదు, నొప్పి తెలిసేసరికి లోపల ఎముక దాకా పోయి ఉంటుంది.

రోజూ పేరుకునే మెత్తటి పాచి బ్రష్‌కి పోతుంది. మిగిలిపోయింది లాలాజలంలోని కాల్షియంతో కలిసి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. ఇక బ్రష్‌కి లొంగదు. కింది ముందు పళ్ల వెనక నాలుకతో తడిమి చూడండి. సిమెంటు అంటుకున్నట్టు గరుకుగా తగిలితే అదే. లాలాజలం వచ్చే నాళాలు అక్కడ తెరుచుకుంటాయి కాబట్టి గార ముందు అక్కడే పడుతుంది.

మీ అత్తగారి మాట నేను రోజూ వినేదే. అందులో కొంత నిజం లేకపోలేదు. క్లీనింగ్ తర్వాత పళ్లు కదిలాయనే వాళ్లు ఉన్నారు. కానీ వాళ్లకు పంటి చుట్టూ ఎముక ముందే కరిగిపోయి, గారే పళ్లను కలిపి పట్టుకుని ఉంటుంది. అది తీయగానే సంగతి బయటపడుతుంది, నింద క్లీనింగ్ మీద పడుతుంది. సెకనుకు 25 వేల సార్లకు పైగా అదిరే మెషీన్ కొన గారను పగలగొడుతుంది, సరిగ్గా వాడితే పన్నును అరగదీయదు. చిగుళ్ల వాపు తగ్గాక పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి, కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. కంగారు పడకండి.

హైజీనిస్ట్ అంటే క్లినిక్‌లో సాయానికి ఉండే అసిస్టెంట్ కాదు. 1948 నాటి డెంటిస్ట్స్ చట్టంలోనే వాళ్ల పని రాశారు: గార తీయడం, పాలిష్ చేయడం, నోటి శుభ్రత నేర్పడం. రెండేళ్ల కోర్సు చదివి, రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు డెంటిస్ట్ పర్యవేక్షణలో చేస్తారు. మన దగ్గర ఇంకా ఎక్కువ చోట్ల డెంటిస్టే చేసేస్తుంటారు. మొహమాటపడకుండా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, ముందు డెంటిస్ట్ నోరు చూశాకే కుర్చీ ఎక్కండి. ఖర్చు గురించి టెన్షన్ ఉంటే రుషికొండలో, సంగివలసలో డెంటల్ కాలేజీలున్నాయి, అక్కడ కనుక్కోండి.

వెళ్లేముందు షుగర్ టెస్ట్ చేయించుకోండి. షుగర్ ఉంటే చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, ముదిరిన చిగుళ్లు షుగర్‌ను అదుపులోకి రానివ్వవు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. రక్తం వస్తోందని బ్రష్ చేయడం మానొద్దు. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి, ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు తోమండి. క్లీనింగ్ అయి మూడు వారాలైనా రక్తం ఆగకపోతే పన్నుకూ చిగురుకూ మధ్య సందు ఎంత లోతుందో కొలిపించుకోవాలి.

నిజానికి మీకంటే మీ అత్తగారి నోరే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుంది. చిగుళ్లు పాడైనా రక్తం కనిపించదు. పైగా చుట్ట నిప్పు నోట్లోనే ఉంటుంది కాబట్టి వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ఉత్తరాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు ఈ అలవాటు ప్రధాన కారణం. అంగిలి తెల్లబారడం, మధ్యలో ఎర్రటి చుక్కలు, రెండు వారాలకూ మానని పుండు కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మీ అపాయింట్‌మెంట్‌కే ఆవిణ్నీ వెంటబెట్టుకుని వెళ్లండి. క్లీనింగ్ వద్దంటే సరే, టార్చి వేసి అంగిలి మాత్రం చూపించమనండి.