ఇంటికన్నా ముందు వలల సంగతి చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉప్పాడ తీరంలో సముద్రం కోతకి ఇళ్ళు పోయిన మత్స్యకారులను లోపలికి తరలించే పనిలో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమమ్మా. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత మా దివిసీమలో చూసినవి నీకు చెప్పాలనిపించింది.

అప్పుడు ఇళ్ళు కట్టిస్తామని ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, కట్టించారు కూడా. వాళ్ళ మేలు మరువలేం. కానీ ఏడాది తర్వాత ఓ కాలనీకి వెళ్తే సగం తలుపులకు తాళాలే. కిటికీలోంచి తొంగిచూస్తే గదినిండా వలలు, ఓ మూల కిరోసిన్ డబ్బా. ఇంటాయన ఏటి ఒడ్డున తాటాకు పాకలో ఉన్నాడు. తెల్లవారుజామున ఆటుపోటు చూసుకుని పడవ తీయాలి, ఇంతదూరంలో పడుకుంటే పడవకి కాపలా ఎవరని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే లేఅవుట్ గీయకముందే ఒకరోజు మూడింటికి లేచి, వల భుజాన వేసుకుని వాళ్ళతో ఒడ్డుదాకా నడువు. వలలకీ ఇంజన్లకీ ఒడ్డున షెడ్డు, చేపలు ఎండబెట్టుకోవడానికి ఆడవాళ్ళకి చోటు ఉండాలి. ఈ రెండూ లేకుండా పక్కా ఇల్లిచ్చినా మళ్ళీ పాకకే పోతారు.

నీళ్ళు మే నెలలో రుచి చూశాకే స్థలం ఖాయం చెయ్యి. ఆ కాలనీలో బోరు వేసి చేతులు దులుపుకున్నారు. ఎండాకాలం వచ్చేసరికి ఉప్పు. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని కాలవ దాకా నడిచేవాళ్ళు. ఇంకోటి, పట్టా ఇంటి ఇల్లాలి పేరున, గృహప్రవేశం రోజునే చేతికి రావాలి. తర్వాత ఇస్తామంటే ఒప్పుకోకు. ఎవరి పక్కన ఎవరుండాలో వాళ్ళనే తేల్చుకోనివ్వు, లాటరీ తీయొద్దు.

పొలాల మాటకొస్తే, ఉప్పునీరు నిలిచిన చేలను కాలవ నీళ్ళతో కడిగి, పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి, పెరిగాక కలియదున్నాం. ఒక్క పంటకాలంతో నేల దారికి రాలేదు. బియ్యం సాయం మాత్రం మొదటి పంట కన్నా ముందే ఆగిపోయింది, మగాళ్ళు కూలికి వలసపోయారు. మీ సంస్థ బడ్జెట్‌లో ఇళ్ళు పూర్తయ్యాక కూడా కనీసం మూడేళ్ళకి డబ్బు ఉంచమని గట్టిగా అడుగు. మొదటి ఏడాది జీపులు వరసగా వస్తాయి తల్లీ, మూడో ఏడాది స్లాబు కారితే చెప్పుకోవడానికి మనిషుండడు.

సంక్రాంతికి వస్తే ఆ కాలనీకి తీసుకెళ్తాను. ఉండిపోయిన వాళ్ళు ఎందుకు ఉండిపోయారో నువ్వే అడిగి తెలుసుకో.

మీ మామయ్య