68 ఏళ్లకి మొదటి గన్: మీ చేతుల్ని, కళ్లని, చెవుల్ని అడిగి కొనండి

ప్రశ్న: నాకు 68 ఏళ్లు, రిటైరయ్యాను. ఇంట్లో నేనూ మా ఆవిడా ఇద్దరమే. పక్క వీధిలో ఈమధ్య రెండిళ్లలో దొంగలు పడ్డారు, అప్పట్నుంచి ఆవిడకి రాత్రిళ్లు నిద్ర లేదు. లైసెన్సు వచ్చింది గానీ నేను ఇంతవరకు గన్ ముట్టుకోలేదు. వేళ్లకి కీళ్లనొప్పులు, కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయింది, ఒక చెవి సరిగ్గా వినపడదు. షాపులో చిన్న రివాల్వర్ తీసుకోమన్నారు, తెలిసినాయన షాట్‌గన్ అయితే గురి చూసే పనే లేదంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

జవాబు: సార్, మీ ఒంటి సంగతి దాచకుండా రాశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. షాపులో వాళ్లు గన్ గురించి చెప్తారు గానీ మీ వేళ్ల గురించి అడగరు కదా.

చిన్న రివాల్వర్ సంగతి ముందు చూద్దాం, అంటే తూటాలు గుండ్రంగా తిరిగే చక్రంలో ఉండే గన్. సింపుల్‌గా ఉంటుంది, ఇరుక్కుపోవడం తక్కువ, ఇదంతా నిజమే, కానీ దాన్ని మామూలుగా కాల్చాలంటే ట్రిగ్గర్ మీద దాదాపు 10 నుంచి 12 పౌండ్ల బలం పెట్టాలి, అంటే సుమారు ఐదు కిలోలు ఒక్క చూపుడువేలితో లాగాలి, కీళ్లనొప్పులున్న వేలికి అది చాలా ఎక్కువ. పైగా లాగే కష్టానికి గన్ మూతి పక్కకి వెళ్లిపోతుంది, గురి తప్పుతుంది. ఇంకో ఇబ్బంది ఏంటంటే జేబులో పట్టే చిన్న మోడల్స్ అరకిలో కూడా ఉండవు, గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది. మొదటి రోజే అరచెయ్యి మండిపోతే రెండోరోజు ప్రాక్టీసుకి ఎవరు వెళ్తారు చెప్పండి, ఇక అది బీరువాలో పడి ఉంటుంది. ఇంట్లో పెట్టుకునే గన్‌కి చిన్న సైజు అవసరమే లేదు సార్, నడుముకి పెట్టుకుని తిరిగేది కాదు కదా. రివాల్వరే కావాలనుకుంటే స్టీలుది, నాలుగంగుళాల బ్యారెల్‌ది, .38 స్పెషల్ (అది తూటా సైజు పేరు) తీసుకుని తక్కువ పవర్ తూటాలు వాడండి.

పిస్టల్‌లో ట్రిగ్గర్ చాలావాటికి ఐదారు పౌండ్లే, కానీ మొదటి తూటా లోపలికి ఎక్కాలంటే గన్ పైన కదిలే లోహపు భాగాన్ని, అంటే స్లైడ్‌ని, వెనక్కి లాగాలి, కీళ్లనొప్పులున్న వాళ్లు భయపడేది దానికే. చాలామంది బొటనవేలితో చూపుడువేలితో గిల్లినట్టు పట్టుకుని లాగుతారు, అలా అయితే కుర్రాళ్లకే కష్టం. పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా, మూతి మాత్రం ఖాళీ వైపే ఉండేలా పట్టుకుని, ఎడమచెయ్యి మొత్తం స్లైడ్ మీద బోర్లించి గట్టిగా బిగించి ఆ చెయ్యి కదపకుండా కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యండి, అప్పుడు వేళ్ల బలం కాదు భుజం బలం పని చేస్తుంది. తూటాని పేల్చే చిన్న సుత్తి, అంటే హ్యామర్, బయటికి కనిపించే మోడల్ అయితే ముందు హ్యామర్ వెనక్కి పెట్టుకుంటే స్లైడ్ ఇంకా తేలిగ్గా వస్తుంది. దీన్ని తూటాల్లేని గన్‌తో, నేర్పేవాళ్ల ఎదురుగానే ట్రై చెయ్యండి.

ఇలాంటి చేతుల కోసమే చేసిన పిస్టళ్లున్నాయి. స్మిత్ అండ్ వెసన్ వాళ్లు షీల్డ్ ఈజెడ్ అని 2018లో .380 తూటా సైజులో తెచ్చారు, తర్వాత ఇంకాస్త పవరున్న 9 ఎంఎం సైజులో కూడా వచ్చింది, స్లైడ్ మెత్తగా వస్తుంది, పిడిలో దూర్చే తూటాల డబ్బీలో, అంటే మ్యాగజైన్‌లో, తూటాలు పెట్టేటప్పుడు స్ప్రింగ్ కిందకి లాగడానికి పక్కన చిన్న బటన్ ఉంటుంది. అయితే పిడి వెనక ఒక సేఫ్టీ మీట ఉంటుంది, అరచేత్తో పూర్తిగా నొక్కితేనే పేలుతుంది, పట్టు బాగా వదులుగా ఉన్నవాళ్లకి అది ఒక్కోసారి నొక్కుకోదు, కాబట్టి మీ చేత్తోనే చూసుకోవాలి. .380 లో వెనక్కి తన్నే దెబ్బ తక్కువే అంటారు గానీ అరచేతంత పిస్టల్‌లో అదీ గట్టిగానే తంతుంది, అదే కాస్త బరువున్న పెద్ద సైజు 9 ఎంఎం మెత్తగా అనిపిస్తుంది. కొనేముందు అద్దెకి గన్ ఇచ్చే షూటింగ్ రేంజ్ (కాల్చడం ప్రాక్టీసు చేసే చోటు) ఉంటే మూడు నాలుగు రకాలు కాల్చి చూడండి. నా వరకు నన్నడిగితే, మీ చేతులకి స్లైడ్ తేలిగ్గా వచ్చే మధ్యస్థం సైజు పిస్టలే. అదీ నొప్పే అనుకుంటే ఇంకా చిన్న తూటా ఉండే .22 తీసుకోండి, పవర్ తక్కువని పెదవి విరుస్తారు, దాని తూటాలు అప్పుడప్పుడు పేలకుండా మొరాయించే మాట కూడా నిజమే, అయినా గురికి తగిలే చిన్న తూటా ముందు గురి తప్పిన పెద్ద తూటా దండగ.

షాట్‌గన్‌తో గురి అక్కర్లేదన్న మాట మాత్రం మీ మనసులోంచి తీసెయ్యండి సార్. అది ఒక్కసారికి బోలెడు చిన్న గుళ్లు వదులుతుంది నిజమే, కానీ గది లోపలి దూరంలో ఆ గుళ్లు గుప్పెడంత మేరకే విచ్చుకుంటాయి, అంటే గురి చూడాల్సిందే. షాట్‌గన్ సైజుని గేజ్ అంటారు, 12 గేజ్ భుజాన్ని గట్టిగా తంతుంది, అంతకన్నా చిన్నదైన 20 గేజ్ నయం. పొడవు ఎక్కువ, రెండు చేతులూ కావాలి, ఇంక ఫోన్ ఎవరు పట్టుకుంటారు? గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు భుజానికి ఆనించి కాల్చే ఏ గన్ అయినా డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు.

కళ్ల విషయానికొస్తే, వయసు మీద పడ్డాక దగ్గరున్న గురిముల్లు మసగ్గా కనిపిస్తుంది, దూరం మనిషి బాగా కనిపిస్తాడు, రెండూ ఒకేసారి స్పష్టంగా కనపడవు. రెడ్ డాట్ సైట్ అని పైన బిగించే చిన్న అద్దం ఉంటుంది, అందులో ఎర్ర చుక్క కనిపిస్తుంది, చూపు ఎదుటి దాని మీద పెడితే చాలు చుక్క దానిమీదే కనిపిస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. బ్యాటరీ ఏటా మార్చండి. అర్ధరాత్రి కళ్లజోడు ఎక్కడుంటుందో కూడా ఇప్పుడే తేల్చుకోండి, కళ్లజోడు లేకుండా గన్ పట్టుకోవద్దు.

చెవి సంగతి చాలామంది పట్టించుకోరు. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క చప్పుడే చెవికి శాశ్వతంగా దెబ్బ తియ్యగలదు, గన్ శబ్దం దానికన్నా పైనే, అందులోనూ నాలుగు గోడల మధ్య. మీకు మిగిలింది ఒక చెవి. రేంజ్‌లో చెవి లోపల ప్లగ్స్, పైన చెవుల్ని కప్పే మఫ్స్, రెండూ పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ మఫ్స్ అయితే మాటల్ని పెంచి వినిపిస్తాయి, పేలుడుని తగ్గిస్తాయి, మంచం పక్కన ఒక జత ఉంచుకోవచ్చు.

ఇక ముందు కొనాల్సిన వస్తువులు గన్ కన్నా వేరే ఉన్నాయి. చేతిలో పట్టుకునే మంచి టార్చ్ మొదటిది. గన్‌కి బిగించిన లైటు ఒక్కటే ఉంటే దేన్ని చూడాలన్నా గన్ గురిపెట్టాల్సి వస్తుంది, ఆ చీకట్లో నిలబడింది మంచినీళ్లకి లేచిన మీ ఆవిడ కావచ్చు. ఎవరో మొహం కనపడనిదే వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్లకూడదు సార్, ఈ ఒక్కటీ మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. రెండోది తాళం పెట్టె, దాని గురించి కింద ఇంకొకరు అడిగారు. మూడోది తలుపు. గడియ దిగే రేకుకి చిన్న మరలుంటే ఒక్క తన్నుకి ఊడొస్తుంది, చెక్క ఫ్రేమ్ అయితే మూడంగుళాల మరలు వేయించండి, బయట మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించండి. చప్పుడు వినిపిస్తే ఇల్లంతా వెతుక్కుంటూ తిరగొద్దు, ఇద్దరూ ఒకే గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని పోలీసులకి ఫోన్ చెయ్యండి, గన్ అవసరం ఆ తలుపు పగిలితేనే. పోలీసులు వచ్చేసరికి చేతిలో గన్ ఉండకూడదు, వాళ్లకి దొంగెవరో ఇంటాయనెవరో తెలీదు కదా.

నిద్రమాత్ర వేసుకునే అలవాటుంటే మీ డాక్టర్‌కీ, నేర్పేవాళ్లకీ చెప్పండి, మత్తులో సగం మెలకువతో గన్ తియ్యడం కన్నా గట్టి తలుపూ అలారమూ నయం.

ప్రశ్న: అమ్మ ఒంటరిగా ఉంటుంది, వయసు 71. పిస్టల్ కొనుక్కుంది. సెలవుల్లో మా పిల్లలు అక్కడే ఉంటారు. వేలిముద్ర లాకర్ సరిపోతుందా?

జవాబు: అమ్మా, వేలిముద్ర లాకర్లు పెద్దవాళ్ల దగ్గర బాగా సతాయిస్తాయి. వయసుతో చర్మం పొడిబారి గీతలు అరిగిపోతాయి కాబట్టి మిషన్ గుర్తుపట్టదు, ఆవిడేమో ఇక విసుగొచ్చి లాకర్ తెరిచే ఉంచేస్తారు. బటన్లు నొక్కే మెకానికల్ లాక్ ఉన్న చిన్న పెట్టె తీసుకోండి, బ్యాటరీ గొడవ ఉండదు, చీకట్లో తడుముకుని కూడా నొక్కొచ్చు. దాన్ని గోడకో మంచానికో బోల్టులతో బిగించండి, లేకపోతే దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. పరుపు కింద, బట్టల మధ్య, ఎత్తు షెల్ఫ్ మీద దాచడం దాచడం కాదు, పిల్లలకి తెలియని చోటు ఆ ఇంట్లో ఉండదు. పిల్లలు ఉన్నన్నాళ్లూ తూటాలు వేరే చోట తాళం వేసి పెట్టమనండి, కోడ్ మనవడి పుట్టినరోజు మాత్రం పెట్టనివ్వకండి.

ప్రశ్న: నాన్నగారి దగ్గర ఎప్పట్నుంచో గన్ ఉంది. అమ్మ పోయాక మనిషి చాలా దిగులుగా ఉంటున్నారు, మందులు వేసుకున్నారో లేదో మర్చిపోతున్నారు. అడిగితే కోప్పడతారని భయంగా ఉంది.

జవాబు: బాబూ, ఆయన కోపాన్ని భరించండి, కానీ ఈ వారమే మాట్లాడండి. ఇంట్లో గన్ ఉంటే ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పాయి, అందులో భార్యని పోగొట్టుకుని ఒంటరైన పెద్దవయసు మగవాళ్ల గురించి మరీ భయపడాలి, ఎందుకంటే గన్‌తో చేసిన ప్రయత్నంలో బతికి బయటపడేవాళ్లు చాలా తక్కువ. మీరు లాక్కుంటున్నట్టు కాకుండా, "నాన్నా, మీరు కోలుకునేదాకా ఇది నా దగ్గరుంచుతాను, నాకు భయంగా ఉంది" అని మీ భయంగానే చెప్పండి. గన్ చేతులు మారాలంటే రూల్స్ ఉంటాయి కాబట్టి లైసెన్సు ఇచ్చినవాళ్లని అడిగి, మీ దగ్గరో, లైసెన్సున్న డీలర్ దగ్గరో, పోలీస్ స్టేషన్లోనో ఎక్కడ పెట్టొచ్చో కనుక్కోండి. ఒకవేళ ఆయన చనిపోవడం గురించి మాట్లాడుతుంటే, వస్తువులు పంచిపెడుతుంటే ఆయన్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మర్చిపోవడం గురించి కూడా డాక్టర్‌కి చెప్పండి, అది దిగులు వల్ల కావచ్చు, మందుల వల్ల కావచ్చు, మతిమరుపు జబ్బు మొదలవడం కావచ్చు, ఏదో తేలేదాకా గన్ ఆ ఇంట్లో వద్దు.