కుక్కను రైలెక్కించే ముందు రసీదులో విలువ రాయించండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఈ వేసవిలో హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరికి మకాం మారుస్తున్నాం. మూడేళ్ల లాబ్రడార్ ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి నరసాపురంలో రైలెక్కుదామనుకుంటున్నాం. స్లీపర్‌లో బెర్తు కింద పడుకోబెట్టేస్తే ఎవరూ అడగరని మా ఆడపడుచు అంటోంది. పెట్టెలో వేసి పంపితే, దారిలో దానికేమైనా జరిగితే రైల్వేవాళ్లది బాధ్యత ఉంటుందా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఆడపడుచుగారి సలహా మాత్రం వినకండి. స్లీపర్‌లోనూ, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీల్లోనూ కుక్కకు అనుమతి లేదు. బుక్ చేయకుండా దొరికితే లగేజీ రేటుకు ఆరు రెట్లు కట్టిస్తారు. ఉన్నవి రెండే దారులు. ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మీరే తీసుకుంటే దగ్గరే ఉంచుకోవచ్చు. లేదంటే గార్డు, సామాన్లు ఉండే బోగీ (బ్రేక్ వ్యాన్)లో కుక్కల కోసం పెట్టిన డాగ్ బాక్స్. ఎలా వెళ్లినా పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి రసీదు తీసుకోవాలి.

ఇక మీ అసలు సందేహం. బాధ్యత ఉంది, కానీ ఎంతవరకో వింటే మీకు కోపం వస్తుంది. 1989 రైల్వే చట్టం ప్రకారం ‘సరుకు’ అంటే జంతువులు కూడా. విలువ చెప్పకుండా బుక్ చేసిన జంతువుకు ఏదైనా అయితే ఎంత ఇవ్వాలో 1990 నిబంధనల్లో ఉంది. ఏనుగుకు 6,000 రూపాయలు, గుర్రానికి 3,000. కుక్క మేకలతో, గొర్రెలతో కలిసి ఆఖరి వరుసలో ఉంది. దానికి 120 రూపాయలు. కన్నబిడ్డలా పెంచామని ఎంత మొత్తుకున్నా ఆ పరిమితి మారదు.

దీనికి విరుగుడు అదే చట్టంలో, 103వ సెక్షన్‌లో ఉంది. బుక్ చేసేటప్పుడే కుక్క విలువ ఇంత అని రాతపూర్వకంగా ప్రకటించి, దాని మీద కొంత శాతం అదనపు ఛార్జీ కట్టాలి. అప్పుడు రైల్వే బాధ్యత ఆ విలువ దాకా పెరుగుతుంది. కౌంటర్లో గుమస్తా “అలాంటివేం లేవండీ” అనొచ్చు. సెక్షన్ నంబరు చెప్పి అడగండి. విలువ రసీదు మీద పడిందో లేదో అక్కడే చూసుకోండి. కొన్న బిల్లు, టీకాల కార్డు దాచుకోండి. ప్రకటించినంతా చేతిలో పెట్టరు, నష్టం ఎంతో మీరే రుజువు చేయాలి.

జరగరానిది జరిగితే బుక్ చేసిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు రైల్వేకు నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత వెళ్లాల్సింది రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి. చాలామంది వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి, అక్కడ కాలం పోగొట్టుకుని, అప్పుడు లాయరు దగ్గరికి వస్తారు. కూపేలో మీతోనే ఉంచుకుంటే మాత్రం లెక్క వేరు. రైల్వే నిర్లక్ష్యం వల్లే జరిగిందని మీరు చూపించాలి.

ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా బయల్దేరకండి. రైలుకే కాదు, రోడ్డుకు, పడవ ప్రయాణానికి కూడా కుక్క తగిన స్థితిలో ఉందని, రేబిస్ వంటి అంటువ్యాధి లక్షణాలు లేవని పశువైద్యుడు ఇవ్వాలని 1978 నాటి జంతు రవాణా నిబంధనలు చెబుతున్నాయి. సంతకం చదువుకున్న పశువైద్యుడిదే కావాలి. మీ ఊళ్లో పశువులను చూసే గోపాలమిత్ర ఎంత మంచివాడైనా ఆయన సంతకం చెల్లదు.

ఆ నిబంధనల్లోనే మీకు పనికొచ్చే హక్కు ఒకటుంది. ఆరు గంటలు దాటిన రైలు ప్రయాణంలో కుక్క వెంట మనిషి ఉండాలి, ప్రతి స్టేషన్లోనూ దాని దగ్గరికి వెళ్లి నీళ్లు, తిండి పెట్టనివ్వాలి. వేసవిలో నాలుగు గంటలకోసారి నీళ్లు పట్టాలి. బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందే తిండి పెట్టెయ్యండి. గార్డు పెట్టె తెరవనంటే ఈ నిబంధన చూపించండి. నిద్రమాత్రలు మాత్రం డాక్టరు రాయకుండా వేయొద్దు.

నన్నడిగితే, మన ఎండల్లో ఆ ఇనప్పెట్టె కంటే దిండి–చించినాడ వంతెన మీదుగా రాత్రిపూట కారులో వెళ్లడం మేలు. డ్రైవరు ఒళ్లో మాత్రం కుక్క వద్దు. డ్రైవింగ్‌కు అడ్డమైతే మోటారు వాహనాల చట్టం 125వ సెక్షన్ కింద తప్పు, మొదటిసారికి జరిమానా 500 రూపాయల దాకా ఉంటుంది. టీ తాగడానికి ఆగి, అద్దాలు బిగించిన కారులో దాన్ని వదిలేస్తే అది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కిందికి రావచ్చు. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అరవై ఏళ్ల కిందటి రేటు! ఆ ధైర్యంతో వదిలేయకండి, వేసవిలో మూసిన కారులో కొద్ది నిమిషాలకే కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

పంటు మీదుగానే వెళ్లేట్టయితే గొలుసు పొట్టిగా పట్టుకుని, మూతికి బుట్ట కట్టండి. జనంలో బెదిరి ఎవరినైనా గట్టిగా కరిస్తే, జాగ్రత్త తీసుకోలేదని భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద యజమాని మీదే కేసు పెట్టొచ్చు. ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.