రిమార్కుల గడిలో ఏం రాశానంటే

రిటైరైన మూడు నెలలకే క్యాన్సర్ అన్నారు, మూడో కీమో తర్వాత ఆసుపత్రిలో పడ్డాను, డాక్టర్లు మందులు ఆపేశారు, ఇన్నాళ్లు పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని అడిగారు మీరు. ఇలా ఎవరికైనా జరిగిందా అని కూడా అడిగారు.

జరిగిందండీ. నాకూ మూడో రౌండులోనే. మీది ఎందుకు ఆగిందో మీరు రాయలేదు. నాది ఆగడానికి మాత్రం సగం కారణం నేను, మిగతా సగం మా బావమరిది.

మాది తెనాలి. 1984లో పోస్టల్ అసిస్టెంటుగా చేరి, 2022 మే 31న సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యాను. ముప్పై ఎనిమిదేళ్లు. వీడ్కోలు సభలో ఏడు శాలువాలు, ఒక గోడ గడియారం, ఫ్రేము కట్టించిన సన్మాన పత్రం ఇచ్చారు. అందులో ‘శేష జీవితము ఆయురారోగ్యములతో గడుపవలెనని’ అని ఉంది. ఈ శేష జీవితం అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ, భాగహారం అంతా అయ్యాక కింద మిగిలేదాన్ని కదా శేషం అంటాం! మైకులో ఆ ముక్క నాలుగుసార్లు చదివారు. ఆ రోజుకే నాకు ఏడాదిగా విరేచనంలో రక్తం పడుతోంది. మొలలే కదా అని ఊరుకున్నాను. పన్నెండు గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగం, మొలలు రాక ఏమొస్తాయి అనుకున్నాను. రిటైరయ్యాక తీరిగ్గా చూపించుకుందామని వాయిదా వేశాను. తీరిగ్గానే చూపించుకున్నాను. జూన్‌లో కొలనోస్కోపీ, అంటే పేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష, జూలైలో గుంటూరులో ఆపరేషన్. పెద్దపేగు క్యాన్సర్, మూడో దశ. పక్కనున్న లింఫ్ గ్రంథుల్లోకీ వెళ్లింది కాబట్టి కీమో తప్పదన్నారు.

ఎనిమిది రౌండ్లు. ఒక్కో రౌండు ఇరవై ఒక్క రోజులు. మొదటి రోజు ఆసుపత్రిలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు నరంలోకి ఎక్కిస్తారు. ఆ తర్వాత పద్నాలుగు రోజులు ఇంట్లోనే కేపసిటాబిన్ మాత్రలు, పొద్దున మూడు, రాత్రి మూడు, అన్నం తిన్న అరగంటలోపు. చివరి వారం సెలవు. ఆ మందు ఎక్కిన వారం రోజులూ చల్లటిది ఏదీ తాకకూడదు. ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీస్తే వేళ్లలో కరెంటు కొట్టినట్టుండేది. చన్నీళ్లు ఒక గుక్క తాగితే గొంతు పట్టేసేది. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీయడం నాకు నిషేధం. అయితే ఈ మందులకి నా జుట్టు పెద్దగా ఊడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు దానికి కాస్త నిరుత్సాహపడేవాళ్లు. ‘జుట్టు అలాగే ఉందే, నిజంగా కీమోనేనా?’ అని ఒకాయన మా ఆవిడని వంటింట్లోకి వెళ్లి మరీ అడిగాడు.

ఇక అసలు సంగతి. ఉద్యోగం పోయిందన్న బాధ నాకు లేదనుకునేవాడిని. కీమో మొదలైన రోజు సాయంత్రం బజారుకెళ్లి రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. గళ్లు గీశాను. తేదీ, మాత్రలు వేసుకున్న సమయం, బరువు, జ్వరం, విరేచనాలు, రిమార్కులు. అప్పుడు అర్థం కాలేదు గానీ, నేను జబ్బుకి వైద్యం చేయించుకోవడం లేదు, కొత్త ఉద్యోగంలో చేరాను. సర్వీసులో మెయిల్ బ్యాగు ఒక్కసారి కూడా బస్సు తప్పించని మనిషిని. మాత్ర తప్పిస్తానా?

ఆసుపత్రి వాళ్లు మొదటి రోజే ఒక పసుపు కాగితం ఇచ్చారు. మామూలుగా అయ్యేదానికన్నా రోజుకి నాలుగు విరేచనాలు ఎక్కువైతే మాత్రలు ఆపి వెంటనే ఫోన్ చేయండి అని తెలుగులోనే, పెద్ద అక్షరాలతో ఉంది. నంబరు కూడా ఉంది. నేను దాన్ని చదివి, ఎడమ పక్క పంచింగ్ చేసి, ట్యాగు వేసి ఫైల్లో పెట్టాను.

రెండు రౌండ్లు బాగానే గడిచాయి. మూడోది అక్టోబరు 10న మొదలైంది. సరిగ్గా అప్పుడే మా బావమరిది గోధుమ గడ్డి మొలకెత్తించిన ఆరు కుండీలు ఆటోలో వేసుకుని దిగాడు. పరగడుపున ఒక గ్లాసు రసం. దానికి తోడు ఎక్కడి నుంచో లక్ష్మణ ఫలాలు తెప్పించాడు. డాక్టర్లు ఇవి చెప్పరు బావగారూ, చెబితే వాళ్ల వ్యాపారం ఏం కావాలి అన్నాడు. అతను ఎరువుల వ్యాపారి. అతని వ్యాపారం గురించి నేనెప్పుడూ ఏమీ అనలేదు. మర్యాద కోసం తాగాను. డాక్టరమ్మకి చెప్పలేదు.

17వ తేదీ నుంచి కడుపు పాడైంది. ఆపరేషన్ తర్వాత నాకు రోజుకి రెండు మామూలు. నా నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. 17న మూడు, 18న ఐదు, 19న ఏడు, 20న తొమ్మిది, 21న పదకొండు. ప్రతి తేదీ పక్కన మాత్రలు వేసుకున్న టైము నిమిషంతో సహా ఉంది. ఒక్క పూట తప్పలేదు. నాలుగు రోజులు రిమార్కుల గడిలో ‘విశేషములు ఏమియు లేవు’ అని రాశాను. 21వ తేదీన ‘కొద్దిగా నీరసం’.

ఆ రాత్రే దీపావళికని మా అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చింది. తెల్లవారుజామున బాత్రూమ్ దగ్గర గోడ పట్టుకుని అలాగే జారిపోయాను. నాకు స్పృహ ఉంది, కాళ్లు మాత్రం నావి కావు. పిల్ల పరిగెత్తుకొచ్చింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తూనే బల్ల మీద ఉన్న నోట్‌బుక్ తిరగేసింది. ‘నాన్నా, పదకొండని నువ్వే రాశావు, మళ్లీ కింద ఎనిమిదింటికి మూడు మాత్రలని నువ్వే రాశావు. ఏంటిది?’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మకి తెలిస్తే టెన్షన్ పడుతుందని అన్నాను. పక్కనే నిలబడ్డ మా ఆవిడ ‘రాత్రి ఎన్నిసార్లు లేచారో నేను లెక్కపెట్టలేదనుకున్నారా’ అంది. తనూ లెక్కపెట్టింది. నేను కంగారు పడతానని తనూ చెప్పలేదు. ఒకే ఇంట్లో రెండు రిజిస్టర్లు నడిచాయన్నమాట.

ఆసుపత్రిలో చూస్తే ఒంట్లో నీరు లేదు, పొటాషియం బాగా పడిపోయింది, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. పొటాషియం సెలైనులో ఎక్కిస్తుంటే చెయ్యి పొడుగునా మంట పుడుతుంది, అది పడ్డవాళ్లకే తెలుస్తుంది. డాక్టరమ్మ నా నోట్‌బుక్ తీసుకుని మంచం పక్కన నిలబడి పైకి చదివింది. ‘విశేషములు ఏమియు లేవు’ దగ్గర ఆగింది. ‘ఏడయ్యాక కూడా విశేషం లేదండీ?’ అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఈ మందు వేగంగా పెరిగే కణాల మీద పడుతుంది. పేగు లోపలి పొర కూడా రోజూ కొత్తగా పెరిగేదే, కాబట్టి దాన్నీ చెక్కేస్తుంది. అది పుండుపడి ఉన్నప్పుడు ఇంకా మాత్రలు వేస్తే క్యాన్సరు కన్నా ముందు అదే మనిషిని తీసుకుపోతుంది. గోధుమ గడ్డి రసం సంగతి అప్పుడు చెప్పాను. కీమో జరిగేటప్పుడు పచ్చివి తాగొద్దని మాత్రం అంది, దానివల్లే వచ్చిందని అనలేదు. నేను అంటాను. రెండు రౌండ్లు రానిది, కుండీలు దిగిన వారానికే ఎందుకొచ్చింది? మా బావమరిది ఇప్పటికీ ఒప్పుకోడు.

దీపావళి వార్డులోనే గడిచింది. మర్నాడు 25వ తేదీ సాయంత్రం సూర్యగ్రహణం. ఇంటి నుంచి ఫోన్ల మీద ఫోన్లు, గ్రహణం విడిచేదాకా ఏమీ తినొద్దని, సూది పొడిపించుకోవద్దని. నర్సమ్మాయి సరిగ్గా ఆ వేళకే వచ్చి సెలైను మార్చింది. ‘గ్రహణం కదమ్మా’ అన్నాడు పక్క మంచం ఆయన. ‘అందుకే కిటికీ వేశానండి’ అంది, స్టాండుకి బాటిల్ తగిలిస్తూ.

ఆసుపత్రిలో ఉన్న ఆ రోజుల్లో నేను పడ్డ అసలు బాధ పొటాషియం కాదు. ‘నాలుగో రౌండు ఇప్పుడు కాదు, మూడు వారాలు ఆగుదాం, మాత్రలు తగ్గిద్దాం’ అన్న మాట. రోజుకి ఆరు మాత్రలు ఐదయ్యాయి. ఆ మాట వినగానే సస్పెన్షన్ ఆర్డరు చేతిలో పెట్టినట్టనిపించింది. ‘వేసుకోకుండా మిగిలిన పూటల మాత్రలు తర్వాత కలిపి వేసుకోనా?’ అని అడిగాను. ‘అవి బకాయిలు కావండీ’ అంది డాక్టరమ్మ. ఆ మూడు వారాల్లో లోపల జబ్బు పెరిగిపోతోందని రోజూ రాత్రి ఊహించుకునేవాడిని. మీరు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారని మీ ప్రశ్న చదివితే తెలిసింది. మా వార్డులో ఆరుగురం ఉన్నాం. నాతో కలిపి నలుగురికి ఎప్పుడో ఒకప్పుడు మందు వాయిదా పడింది. ఒకరికి తెల్లకణాలు తగ్గి, ఒకరికి జ్వరం వచ్చి, ఇంకొకరికి ప్లేట్‌లెట్లు పడిపోయి. వాయిదా పడకుండా పూర్తిచేసినవాళ్లే తక్కువ అని నా నమ్మకం, ఎవరు ఏమన్నా సరే. ‘పాజిటివ్‌గా ఉండండి, అంతా అదే తగ్గిపోతుంది’ అనేవాళ్ల మాటలు మాత్రం వినకండి. నేను పాజిటివ్‌గా ఉండే ‘విశేషములు ఏమియు లేవు’ అని రాశాను.

ఇంకో ముచ్చట చెప్పాలి, మీ ప్రశ్నకి సంబంధం లేకపోయినా. ఆ మాత్రలకి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొర ఊడుతుంది. నవంబరు వచ్చింది. పెన్షనర్లం జీవన్ ప్రమాణ్ ఇవ్వాల్సిన నెల. బతికే ఉన్నాను మహాప్రభో అని వేలిముద్రతో చెప్పుకోవాలి. నా పాత ఆఫీసుకే వెళ్లాను. నేను పని నేర్పిన కుర్రాడే మెషిన్ ముందు పెట్టాడు. కుడి బొటనవేలు, రాలేదు. ఎడమది, రాలేదు. పది వేళ్లూ అయ్యాయి. రేఖలే లేవు, నున్నగా గాజు ముక్కల్లా ఉన్నాయి. ఎన్నేళ్లుగా ఆ కిటికీ దగ్గర ముసలమ్మల్ని ‘వేలు సరిగ్గా పెట్టమ్మా, చీర కొంగుతో తుడుచుకో’ అని కసిరానో! ఆ కుర్రాడు ఒక్క మాట అనకుండా కుర్చీ వేసి, టీ తెప్పించి, ఫోన్‌లో ముఖం ఫోటో తీసే పద్ధతిలో పూర్తిచేశాడు. రెండుసార్లు కన్నార్పమంది, ఆర్పాను. బతికున్నానని ఒప్పుకుంది. మీరు కూడా ఈ మాత్రల మీదే ఉంటే నవంబరులో వేలిముద్రల కోసం తిరగకండి, మొదటే ముఖంతో చేయించుకోండి.

మీరు చేయాల్సింది ఏమిటని అడిగితే, ఆసుపత్రి ఇచ్చిన కాగితం ఫైల్లో పెట్టకండి. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నాకు తీసే హక్కు లేకపోయినా చదివే హక్కు ఉంటుందంది. ఏది ఎక్కువైనా అదే పూట ఫోన్ చేయండి. ఎన్నిసార్లని ఫోన్ చేస్తాం, వాళ్లకి విసుగు రాదా అని నేనూ అనుకున్నాను. వస్తే రానివ్వండి.

నా ఎనిమిదో రౌండు ఫిబ్రవరి మొదట్లో అయిపోవాల్సింది, ఆ నెలాఖరుకి అయింది. మూడు వారాలు తేడా, అంతే. వేళ్ల మీద గీతలు మళ్లీ వచ్చాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ నోట్‌బుక్ మాత్రం నా చేతికి ఇవ్వలేదు. నాలుగో రౌండు నుంచి మా ఆవిడే రాసింది. గళ్లు వంకర, తేదీలు తెలుగు నెలల్లో, ఒక్కోసారి మధ్యలో పాలవాడి లెక్క. రిమార్కుల గడి మాత్రం ఒక్కటీ ఖాళీగా వదల్లేదు. మొన్న తీసి చూస్తుంటే ఒకచోట ఇలా ఉంది: ‘రాత్రి మూడుసార్లు లేచారు. రెండే అన్నారు. మూడు.’