పాప వార్డు వదిలి ఫోన్ దగ్గర కూర్చుంటానంటోంది

ప్రశ్న: మేడమ్, మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పెద్దపాప బీఎస్సీ నర్సింగ్ చేసి మూడేళ్ల కిందట ఇంగ్లండ్ పోయింది. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల వార్డులో బ్యాండ్ 5 నర్సు, అంటే అక్కడి జీతాల మెట్లలో నర్సులకు మొదటిది. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు పోయిన ఏడాదే తానే తీర్చింది. ఇప్పుడేమో మెసోథెలియోమా అనే అరుదైన క్యాన్సర్ రోగులకు సాయం చేసే ఛారిటీలో చేరతానంటోంది. ఫోన్లెత్తి మాట్లాడటం, ఇంట్లోవాళ్లకు ధైర్యం చెప్పడం అంట పని. తనతో పోయిన నలుగురు పిల్లలూ ఆస్ట్రేలియాకు కాగితాలు పెట్టుకున్నారు. మేం సంబంధాలు చూస్తున్నాం, ఇంటి పాత రేకులు దించి మిద్దె వేయిస్తున్నాం. ఛారిటీలో పని అంటే అడిగినోళ్లకు ఏమని చెప్పేది? వీసా పోదు కదా? ఆసుపత్రి, ఛారిటీ, ఆస్ట్రేలియా, మూడూ పోల్చి ఏది మేలో చెప్పండి.

జవాబు: అన్నా, మీరు అడిగింది మూడు దారుల పోలిక. ఉత్తరం రెండోసారి చదివితే నాకు కనిపించింది ఒకే దిగులు, పాప మెట్టు దిగుతోందేమోనని. ఐసీయూ వదిలి ఇళ్లకు వెళ్లి చూసే నర్సునవుతానన్న పిల్ల తల్లి కూడా ఇదే దిగులుతో నా దగ్గరికొచ్చింది. సూది, సెలైన్, స్ట్రెచర్ ఉంటేనే నర్సు, కుర్చీలో కూర్చుంటే కాదు అని మన మనసులో ఎప్పుడో పడిపోయింది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష, ఓస్కీ అనే నర్సుల ప్రాక్టికల్ పరీక్ష లాంటి వాటి గురించి ఇక్కడ చెప్పను. పాప దాటేసిన గడపలవి.

ఛారిటీ అనగానే మనకు చందా పుస్తకం, అన్నదానం గుర్తొస్తాయి. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. జీతాలు, సెలవులు, పై అధికారి, లెక్కల తనిఖీ అన్నీ ఉన్న సంస్థ అది. మీ పాప చెప్పిన జబ్బుకే మెసోథెలియోమా యూకే అని ఒకటుంది. 2004లో లెస్టర్‌లో మొదలైంది. మొదలుపెట్టిన లిజ్ డార్లిసన్ కూడా నర్సే. ఉచిత ఫోన్ లైన్ నడుపుతారు, ఆసుపత్రుల్లో ఈ ఒక్క జబ్బు చూసే స్పెషలిస్ట్ నర్సుల ఖర్చు భరిస్తారు, పరిహారం కాగితాలు నింపిపెట్టే మనుషులనూ పెట్టుకున్నారు.

జబ్బు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ పని బరువు మీకు అందదు. ఇది రాతినార (ఆస్‌బెస్టాస్) దుమ్ము వల్ల వచ్చే క్యాన్సర్. ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు పడుతుంది. దుమ్ము పీల్చిన ముప్పై నలభై ఏళ్లకు బయటపడుతుంది. ఓడలు కట్టే చోట, కరెంటు ఉత్పత్తి కేంద్రాల్లో పనిచేసి ఎప్పుడో రిటైరైన మనిషికి ఒకరోజు ఆయాసం మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో రాతినారను పూర్తిగా నిషేధించింది 1999లో. అయినా బ్రిటన్ మొత్తం మీద ఏటా 2,700 మంది దాకా ఈ జబ్బు కొత్తగా బయటపడుతోంది. ఏడాదికి లక్ష మందిలో ఆరుగురి కంటే తక్కువ మందికి వచ్చే క్యాన్సర్‌ను యూరప్ డాక్టర్లు అరుదైనదిగా లెక్కేస్తారు. అరుదైతే వచ్చే చిక్కు ఏమిటంటే, వీధి చివరి డాక్టర్ తన మొత్తం సర్వీసులో ఇలాంటి కేసు ఒకటో రెండో చూస్తాడు. అడుగుదామంటే ఆ జబ్బు వచ్చిన మనిషి చుట్టుపక్కల ఎవరూ ఉండరు. తెలిసినవాళ్లంతా ఒక ఫోన్ నంబర్ అవతల కూర్చుంటే తప్ప.

నా దగ్గర సలహా తీసుకుని అటు వెళ్లిన ఒకమ్మాయి ఇలాంటి లైన్ మీదే పనిచేస్తోంది. ఏం మాట్లాడతారు రోజంతా అని నేనూ మీలాగే అడిగాను. రెండు ఫోన్ల గురించి చెప్పింది.

మొదటిది ఒకాయన కొడుకు చేసింది. నాన్నకు రెండు రోజులుగా విరేచనాలు, తిన్నది పడలేదేమో, సోమవారం దాకా ఆగొచ్చా అని. ఈ జబ్బుకు ఇప్పుడు అక్కడ నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ మందులు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి, కలిపి ఇస్తున్నారు. అవి పడే మనిషికి విరేచనాలంటే పేగులు వాచాయేమోనని అనుమానించాలి. ఓఆర్ఎస్ తాగించి ఊరుకునే సంగతి కాదది. ఆ అమ్మాయి మందు పేరు అడిగింది, రోజుకు ఎన్నిసార్లో అడిగింది, ఇప్పుడే ఆసుపత్రి అత్యవసర నంబరుకు చేయండని చెప్పి, చేశారో లేదో అరగంటలో తనే మళ్లీ కనుక్కుంది. చేతిలో స్టెతస్కోప్ లేదు. అయినా అది నర్సు పనే కదన్నా?

రెండోది ఒక ముసలామె ఫోన్. ఆమె భర్త బాయిలర్ల దగ్గర పనిచేసి పోయాడు. ఇప్పుడు ఈ జబ్బు వచ్చింది ఆమెకు. ప్రతి శుక్రవారం ఆయన పని బట్టలు పెరట్లోకి తీసుకెళ్లి, దులిపి, నానబెట్టేదంట. ఆ దులపడంలోనే దుమ్ము లోపలికి పోయింది. ఆమె మందుల గురించి ఏమీ అడగలేదు. పెరట్లో మనవరాళ్లు ఆడుకుంటున్నారు, ఏమైనా మిగిలి ఉంటుందా అని అడిగింది. తర్వాత, ‘ఆయన మీద నాకు కోపం రావట్లేదు, రావాలా?’ అంది. ఆ మాటకు జవాబు లేక చాలాసేపు ఊరికే ఫోన్ పట్టుకుని ఉన్నానని, ఆమె కూడా పెట్టేయలేదని ఆ అమ్మాయి చెప్పింది. ఆ తర్వాత పని మొదలుపెట్టింది. భర్త ఏ ఏళ్లలో ఎక్కడ పనిచేశాడో రాసుకుంది. భర్త బట్టలు ఉతికి జబ్బు తెచ్చుకున్న భార్యలకు కూడా 2008లో వచ్చిన ఒక ప్రభుత్వ పథకం కింద పరిహారం ఉంది. జబ్బు తేలిన 12 నెలల్లోగా దరఖాస్తు పెట్టాలి. ఆ ముసలామెకు అలాంటిదొకటి ఉందనే తెలియదు.

ఇంకో మాట కూడా వీళ్లే చెప్పాలి, దాన్ని చెప్పడం అన్నిటికంటే కష్టమంట. ఇంగ్లండ్‌లో ఈ జబ్బుతో మనిషి పోతే పనివల్ల వచ్చిన మరణం కింద కరోనర్‌కు, అంటే మరణాల మీద విచారణ జరిపే అధికారికి, తెలపాలి, విచారణ జరుగుతుంది. ముందే తెలియకపోతే, శవం ఇంట్లో ఉండగా అధికారి ఫోన్ చేసేసరికి ఇంటిల్లిపాదీ మేమేం తప్పు చేశామని హడలిపోతారు. అందుకని మనిషి బతికుండగానే, మెల్లిగా, సమయం చూసి చెప్పాలి. ఏ పుస్తకంలో దొరుకుతుందన్నా ఆ సమయం?

ఇక వీసా. మీ దిగులులో నిజంగా పట్టించుకోవలసింది ఇదొక్కటే. పాప వీసా ఆమెను పెట్టుకున్న సంస్థకు ముడిపడి ఉంటుంది. యజమాని మారితే కొత్త యజమాని స్పాన్సర్‌షిప్ కాగితం ఇవ్వాలి, వీసా మార్పుకు మళ్లీ దరఖాస్తు పెట్టాలి, అది వచ్చేదాకా కొత్త చోట చేరకూడదు. చిన్న ఛారిటీలు చాలావాటికి స్పాన్సర్ లైసెన్సే ఉండదు. కానీ చాలా స్పెషలిస్ట్ నర్సు పోస్టుల్లో డబ్బిచ్చేది ఛారిటీ, ఉద్యోగమిచ్చేది మాత్రం ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రే, అంటే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రే. మాక్‌మిలన్ అనే క్యాన్సర్ ఛారిటీ పేరుతో పనిచేసే నర్సులున్నారు, వాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. కాబట్టి ఆ ప్రకటనలో యజమాని అన్నచోట ఎవరి పేరుందో చూడమనండి. ఆసుపత్రి పేరుంటే పెన్షన్, బ్యాండ్ అన్నీ అక్కడివే. అదే ఆసుపత్రయితే మీ భయంలో ముప్పాతిక వంతు తీరినట్టే. ఛారిటీ పేరుంటే, స్పాన్సర్ చేస్తారా అని దరఖాస్తుకు ముందే ఒక్క ఈమెయిల్ పెట్టి అడగాలి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి అడిగేది కాదిది. ఇంకొకటి, స్పెషలిస్ట్ పోస్టులు ఎక్కువగా బ్యాండ్ 6, 7లో ఉంటాయి. మూడేళ్ల బ్యాండ్ 5 అనుభవంతో మొదటిసారే రాకపోవచ్చు. రాకపోతే ఇంట్లో ‘నేను అప్పుడే చెప్పాను’ అనకండి.

రిజిస్ట్రేషన్ పోతుందని మీకెవరో చెప్పే ఉంటారు. పోదు. మూడేళ్లలో 450 గంటలు నర్సుగా పనిచేసి ఉండాలని నర్సులను రిజిస్టర్ చేసే అక్కడి సంస్థ ఎన్‌ఎంసీ నియమం. నర్సు చదువు, రిజిస్ట్రేషన్ కావలసిన పనయితే ఫోన్ మీద చేసినా ఆ గంటలు లెక్కకొస్తాయి.

ఇప్పుడు ఆస్ట్రేలియా. ఈ ఏడాది నాకొచ్చే ఉత్తరాల్లో ఇదే పాట. 2025 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్ లాంటి కొన్ని దేశాల్లో 1,800 గంటలు పనిచేసిన నర్సులకు ఆస్ట్రేలియా రిజిస్ట్రేషన్ సులువు చేసింది, నిజమే. అటు ఇంగ్లండ్‌లో 5 ఏళ్లకు వచ్చే స్థిర నివాసాన్ని 10 ఏళ్లకు జరపాలని 2025 మేలో ప్రభుత్వం ప్రతిపాదించింది. దాంతో పిల్లలందరికీ కాళ్ల కింద నేల కదిలినట్టయింది. వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను. జీతం బాగుంటుంది, ఎండ ఉంటుంది. కానీ నా దగ్గరికొచ్చే పిల్లల్ని ‘అక్కడ ఏం చేస్తావు?’ అని అడిగితే సగం మంది ‘వార్డే కదా మేడమ్’ అంటారు. ఇంగ్లండ్‌లో వార్డు విసుగొచ్చి ఆస్ట్రేలియా వెళ్తే అక్కడా పన్నెండు గంటల షిఫ్టే, అవే మంచాలే. మళ్లీ కొత్త ఊరు, కొత్త అద్దె, మళ్లీ అందరికంటే జూనియర్. రెండేళ్లకు ఇంకో దేశం పేరు చెబుతారు. వాట్సాప్ గ్రూపులో నలుగురు టికెట్ ఫొటో పెడితే అయిదో పిల్లకు నిద్రపట్టదు, అంతే జరుగుతోంది. ఏజెంట్లకు కావలసింది కూడా అదే. విదేశీ నర్సుల దగ్గర నియామకానికి ఫీజు తీసుకోకూడదని బ్రిటన్ ప్రభుత్వ నియమావళిలోనే ఉంది, అయినా మీరు అప్పు చేసి కట్టారు. మళ్లీ కడతారా? నాకు అనుమానమే, ఈ పరుగులో చాలామంది వెళ్తున్నది దేశం కోసమా, పని కోసమా అని. మీ పాప ఒక్కతే ‘నాకు ఈ పని కావాలి’ అంది. ఏళ్ల తరబడి ఈ కుర్చీలో కూర్చున్నాను, ఆ వాక్యం నేను విన్నది తక్కువ.

కోప్పడకండి గానీ ఒకటి అడుగుతాను. అప్పు తీర్చింది ఆ పిల్ల. మిద్దెకు డబ్బు కూడా ఆ పిల్లే పంపుతోందని నా ఊహ. పరాయి దేశంలో రాత్రి షిఫ్టు చేసి, బస్సు కోసం చలిలో నిలబడి సంపాదించిన మనిషి తన పని తను ఎంచుకుంటానంటే, అడిగినోళ్లకు ఏం చెప్పాలి అంటున్నారు మీరు. ఇంత ఉత్తరంలో ‘నీకు ఆ పని ఎందుకు నచ్చిందమ్మా’ అని పాపను అడిగినట్టు ఒక్క ముక్క లేదు. ఆ వార్డులో ఈ జబ్బు మనుషుల్ని ఆమె చూసే ఉంటుంది. ఎవరి మంచం పక్కనో ఏదో జరిగే ఉంటుంది. సంబంధం వాళ్లకు ‘క్యాన్సర్ స్పెషలిస్ట్ నర్సు అవుతోంది’ అని చెప్పండి, అబద్ధమేం కాదు. దానికీ మొహం చిట్లిస్తే, ఆ ఇంట్లో పిల్లనివ్వకపోవడమే నయం.

అలాగని ఈ దారిలో గుంతలు లేవనను. ఛారిటీ జీతాలు చందాల మీద, విరాళాల మీద నడుస్తాయి, పోస్టు రెండేళ్లకే అని రాసి ఉండొచ్చు. చేతిపని మరుగునపడుతుంది, కాన్యులా పెట్టడం కూడా వాడకపోతే మొద్దుబారుతుంది. అందుకు నెలకు ఒకటో రెండో బ్యాంక్ షిఫ్టులు, అంటే ఆసుపత్రికి అవసరమైనప్పుడు చేసే విడి షిఫ్టులు, వార్డులో చేసుకోవచ్చు. ఆ వీసా మీద వారానికి 20 గంటల దాకా అదనపు పనికి వీలుంది, ఏ పనికి వర్తిస్తుందో మాత్రం చేరే ముందు సరిచూసుకోవాలి. అన్నిటికంటే నేను భయపడేది ఇంకొకటి. ఆ ఫోన్ల వెనక ఉన్న రోగుల్లో ఎక్కువమంది చివరికి పోయేవాళ్లే, వాళ్ల దుఃఖం, ఇంట్లోవాళ్ల దుఃఖం విని గదికి వెళ్తే అక్కడ అన్నం పెట్టే అమ్మ ఉండదు. అందుకని ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న పాప తిరిగి అడగాలి: ‘బరువైన ఫోన్ వచ్చిన రోజు నేను ఎవరితో మాట్లాడాలి? నెలకు ఎన్నిసార్లు?’ క్లినికల్ సూపర్‌విజన్ అంటారు దాన్ని. మనిషి పేరు, గంట చెప్పగలిగితే మంచి చోటు. ‘మేమంతా ఒక కుటుంబం’ అని నవ్వి ఊరుకుంటే ఇంకో చోటు చూసుకోమనండి.

పోలిక అడిగారు, ఇంతే నా పోలిక. యజమాని పేరు, స్పాన్సర్‌షిప్, మాట్లాడుకునే మనిషి, ఈ మూడూ కుదిరితే వెళ్లనివ్వండి. కుదరకపోతే ఇంకో ఏడాది వార్డులోనే ఉండి, అక్కడి లంగ్ క్యాన్సర్ నర్సుల వెంట తిరిగి నేర్చుకుని మళ్లీ పెట్టుకోమనండి. ఆస్ట్రేలియా ఎక్కడికీ పోదు.

చివరగా మీ ఇంటి సంగతి. పాత రేకులు దించుతున్నామన్నారు. పులివెందుల పక్క కొండల్లో ఒకప్పుడు రాతినార తవ్వేవాళ్లు, మీకు తెలిసే ఉంటుంది. మన పాత సిమెంటు రేకుల్లో ఉండేది ఆ సరుకే. కదలకుండా పైన ఉన్నంతవరకు పెద్దగా బాధలేదు. సుత్తితో పగలగొట్టినా, రంపంతో కోసినా, ఆ ముక్కలు చీపురుతో ఊడ్చినా దుమ్ము లేస్తుంది. నీళ్లతో తడపాలి, పగలకుండా నిండు రేకు దించాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి, ఆ రోజు కట్టుకున్న బట్టలు ఇంట్లో దులపకూడదు. మిగతా జాగ్రత్తలు మేస్త్రీ వచ్చేలోగా పాపకే ఫోన్ చేసి అడగండి. రేపు ఆమె చేయబోయే పని అదే కదా.